రొట్టె తట్టే చప్పుడు

ఆత్మకూరు అనగానే చాలామంది "నెల్లూరు వైపు ఆత్మకూరా?" అని అడుగుతారు. కాదు. మాది నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు. మొన్నటిదాకా కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. జిల్లా మారింది గానీ, పెద్దాసుపత్రి అంటే మావాళ్ళ నోట ఇప్పటికీ వచ్చేది కర్నూలే. బస్సెక్కితే సుమారు డెబ్బై కిలోమీటర్లు. ఆ దూరంతో ఈ ప్రసంగానికి చాలా పనుంది. అందుకే ముందే చెప్పి పెట్టుకున్నాను.

నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచరును. ముందు మీకొక అవ్వ సంగతి చెప్తాను.

ఆమెకు అరవై దాటినాయి. కొడుకూ కోడలూ పొద్దున్నే పత్తిచేనికి పోతే మనవణ్ణి చూసుకునేది ఆమే. పిల్లోడికి అప్పటికి మూడున్నరేళ్ళు. మాట లేదు. పిలిస్తే పలకడు. స్టీలు గిన్నె మూతను బండల మీద బొంగరంలా తిప్పుతాడు. అది గిరగిరా తిరిగి, తిరిగి, ఒరిగి, గణగణమని ఆగిపోయేదాకా నేలకు చెవి ఆనించి వింటాడు. మళ్ళీ తిప్పుతాడు. ఇల్లు కాలిపోతున్నా తల తిప్పడు. దాహమైతే అవ్వ మణికట్టు పట్టుకుని కడవ దగ్గరికి లాక్కుపోతాడు. ముఖంలోకి మాత్రం చూడడు. ఆమె చెయ్యి ఒక చెంబో గరిటో అన్నట్టు వాడుకుంటాడు.

అవ్వ నన్ను అడిగిన మొదటి మాట, "టీచరమ్మా, వీనికి చెవుడా?" రెండో మాట, "వస పోసినాము. తాయెత్తు కట్టించినాము. దర్గాకు పోయినాము. ఇంకా ఏం చేయల్ల?"

మొదటి ప్రశ్న చాలా మంచి ప్రశ్న. పలకని పిల్లోడికి ముందు చెవులే చూపించాలి. బెరా అని ఒక పరీక్ష ఉంది. పిల్లోడు నిద్రలో ఉండగానే చేస్తారు, వాడు జవాబు చెప్పాల్సిన పని లేదు. చెవులు బాగున్నాయని తేలినాకే తర్వాతి మాట. ఈ పిల్లోడి చెవులు బాగున్నాయి. బాగుండటమేమిటి, వీధి చివర ఐస్ బండి గంట మనకంటే ముందు వాడికే వినపడేది.

రెండో ప్రశ్నకు నేను నవ్వలేదు. చాలామంది చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. వాగుడుకాయను వసపిట్ట అనే జాతి మనది. మాట రాకపోతే వస గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది? వస పోస్తే మాట రాదు, అది వేరే విషయం. కానీ ఆ అవ్వ తనకు తెలిసిన ప్రతి తలుపూ తట్టింది. తెలియని తలుపు ఎక్కడుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. తప్పు తట్టినవాళ్ళది కాదు.

ఆటిజం. ఈ పిల్లోడికి ఉన్నది అదే. పుస్తకాల్లో స్వలీనత అని రాస్తారు. తనలో తాను లీనమైపోవడం అని అర్థం. నాకా మాట అంతగా నచ్చదు. ఈ పిల్లలు తమలో తాము మునిగిపోయి లేరు. లోకం వాళ్ళకు మనకంటే గట్టిగా వినపడుతుంది, గుచ్చుకుంటుంది, మెరుస్తుంది. అందులోంచి మనిషి గొంతును, మనిషి ముఖాన్ని వేరు చేసి పట్టుకోవడమే వాళ్ళకు కష్టం. మెదడు ఎదిగే తీరులో తేడా ఇది. కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది. అందులో జన్యువుల పాత్ర పెద్దది. అంటుకునేది కాదు, గాలి సోకింది కాదు, పూర్వజన్మ పాపమూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. మా మండలంలో ఎంతమందో మీరే లెక్క వేసుకోండి. వాళ్ళంతా ఎక్కడున్నారని అడిగితే, ఇళ్ళల్లోనే ఉన్నారు. పెళ్ళికి పిలిస్తే "పిల్లోడికి బాగలేదు" అని ఆగిపోయిన తల్లి ఒడిలో ఉన్నారు.

ఈ తల్లి సంగతి కొంచెం చెప్పాలి. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లలను గమనించి, వీళ్ళందరిలో ఒకే తీరు ఉందని రాశాడు. ఆటిజం వైద్య పుస్తకాల్లోకి ఎక్కింది అప్పుడే. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఏం చేశారో తెలుసా? తల్లి మనసు చల్లగా గడ్డకట్టి ఉంది, బిడ్డను ప్రేమించలేదు, అందుకే వాడు ఇట్లా అయినాడు అన్నారు. "ఫ్రిజ్ తల్లులు" అని పేరు కూడా పెట్టారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే ఆయన ఇది మెదడుకు సంబంధించిన విషయం, తల్లి ప్రేమకు సంబంధించింది కాదు అని పుస్తకం రాసి ఆ మాటను కూలగొట్టాడు. ఆయనకూ ఆటిజం ఉన్న కొడుకు ఉన్నాడు.

మా వీధిలో ఎవరూ ఆ అమెరికా పుస్తకాలు చదవలేదు. కానీ మాట అదే. "గ్రహణంనాడు బయట తిరిగింది." "ఫోను చేతికిచ్చి తన పని తాను చూసుకుంది." "వాళ్ళ పక్క రక్తంలోనే ఉంది." ఈ చివరి మాట అత్తగారింటి మాట. పదిమంది కూర్చున్న చోట అంటారు. ఫోను వల్ల ఆటిజం రాదు. పిల్లోడు మనిషితో గడపాల్సిన గంటలను ఫోను మింగేస్తుంది, అందుకని తీసేయమంటాం, అంతే. రక్తం మాటకొస్తే, మేనరికం వల్ల కొన్ని జన్యు జబ్బులు వచ్చే అవకాశం పెరిగే మాట నిజమే. మేనరికం లేని ఇళ్ళల్లోనూ ఆటిజం ఉంది. ఏ ఇంట్లోనైనా సరే, తల్లిని నిలబెట్టి విచారణ చేస్తే బిడ్డకు ఒక్క మాట కూడా రాదు.

ఇక టీకా. 1998లో ఇంగ్లండులో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పన్నెండు మంది పిల్లలను చూపించి, ఒక వైద్య పత్రికలో వ్యాసం రాసి, తట్టు టీకాకూ ఆటిజానికీ లంకె పెట్టాడు. అందులో మోసం బయటపడి 2010లో ఆ పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. అతన్ని డాక్టర్ల రిజిస్టరు నుంచి తీసేశారు. 2019లో డెన్మార్కులో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలను లెక్కతీసి చూస్తే లంకె ఏమీ కనపడలేదు. మరి తల్లులకు అనుమానం ఎందుకొస్తుంది? ఏడాదిన్నర దాటినప్పుడు బూస్టరు సూదులు వేస్తారు. పిల్లోడిలో తేడా మనకు కొట్టొచ్చినట్టు కనపడేదీ సరిగ్గా ఆ వయసులోనే. రెండూ ఒకే బస్సు దిగినాయి. అంతమాత్రాన చుట్టాలు కావు.

మరి తేడాను ఇంట్లో ఎట్లా పట్టుకోవాలి? దీనికి మనకొక పాత పరీక్ష ఉండనే ఉంది. రాత్రిపూట పిల్లోణ్ణి చంకనేసుకుని, చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెడతాం కదా. మీరు వేలు పెట్టి ఆకాశం వైపు చూపిస్తే వాడు ఎక్కడ చూస్తున్నాడో గమనించండి. ఏడాది దాటిన పిల్లోడు మామూలుగా మీ వేలు వెంబడి పోయి చందమామను చూస్తాడు. తర్వాత మీ ముఖం చూస్తాడు, "నువ్వూ చూసినావా?" అన్నట్టు. ఇంకొన్నాళ్ళకు తనే వేలు పెట్టి మీకు చూపిస్తాడు. చందమామ తనకు కావాలని కాదు, మీరూ చూడాలని. చూసిందాన్ని పంచుకోవడం అనే ఆ చిన్న పని ఆటిజం ఉన్న పిల్లల్లో తొందరగా రాదు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరక్కపోయినా, ఏడాదిన్నరకూ వేలు చూపకపోయినా, రెండేళ్ళు నిండినా "అమ్మ రా", "బువ్వ పెట్టు" అని రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోయినా, "వాళ్ళ నాయనకూ లేటుగానే వచ్చినాయి" అని కూర్చోవద్దు. నాయనకు లేటుగా వచ్చి ఉండొచ్చు. చూపించుకుంటే పోయేదేముంది?

కొందరికి మాటలు వస్తాయి గానీ వేరే దారిన వస్తాయి. "నీకు నీళ్ళు కావాలా?" అని మనం అడిగితే, వాడూ "నీకు నీళ్ళు కావాలా" అంటాడు. ఎగతాళి అనుకుని చెంప మీద కొట్టిన తండ్రిని నేను చూసినాను. అది ఎగతాళి కాదు. "అవును, నాకు కావాలి" అనడానికి వాడి దగ్గర ఉన్న మాట అదొక్కటే.

ఆడపిల్లల విషయంలో మనం ఇంకా మోసపోతాం. పిల్లోడు గెంతితే కనపడతాడు. ఆడపిల్ల ఒక మూల గమ్మున కూర్చుని గాజులు వరసగా పేర్చుకుంటుంటే, ఎంత బుద్ధిమంతురాలో అంటాం.

సరే, తెలిసింది. తర్వాత? ఇక్కడే ఆ డెబ్బై కిలోమీటర్లు అడ్డం వస్తాయి. వారానికి ఒకరోజు కూలి మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని కర్నూలు పోతే, అక్కడ ముప్పావుగంట నేర్పిస్తారు. పోవద్దనను, పోవాల్సిందే. కానీ వారంలో పిల్లోడు మేలుకుని ఉండే గంటలు తొంభై దాకా ఉంటాయి. మిగిలిన గంటలన్నీ అవ్వ దగ్గరే. కాబట్టి నేర్చుకోవాల్సింది అవ్వ.

ఆ అవ్వ ఏం చేసిందో చెప్తాను. మా దిక్కున సాయంత్రమైతే ప్రతి ఇంట్లో జొన్నరొట్టె తట్టే చప్పుడు. పిండిముద్దను పీట మీద పెట్టి అరచేత్తో తట్టి తిప్పుతారు, తట్టి తిప్పుతారు. ఆ చప్పుడుకు పిల్లోడు గిన్నె మూత వదిలి వస్తాడని అవ్వే కనిపెట్టింది, నేను కాదు. నేను చెప్పింది ఒక్కటే. "తడుతూ తడుతూ మధ్యలో ఆపు. ఏమీ అనొద్దు. వాని ముఖం చూస్తా ఉండు." మొదటి రోజు ఆపితే పిల్లోడు ఆమె చెయ్యి పట్టి పిండి మీదికి తోసినాడు. "ఊఁ, తట్టు" అని ఆ మాట వాడి తరఫున తనే అని, తట్టింది. మళ్ళీ ఆపింది. రొట్టెలు ఆలస్యమైనాయని కొడుకు విసుక్కున్నాడు. ఇరవై రోజులో నెలో గడిచినాక, ఒక సాయంత్రం ఆపిన చెయ్యి వైపు కాక, ఆమె కళ్ళలోకి చూసినాడంట. అవ్వ మరుసటి రోజు పొద్దున్నే మా గుమ్మంలో ఉంది. "చూసినాడు టీచరమ్మా, నన్ను చూసినాడు." మాట వచ్చింది ఇంకో నాలుగు నెలలకు. "తట్టు" కాదు, "తత్తు".

ఇది ఏదో పల్లెటూరి చిట్కా అనుకోవద్దు. గోవాలోనూ పాకిస్తాన్ రావల్పిండిలోనూ 65 మంది పిల్లల కుటుంబాలతో ఇట్లాంటి పనే చేసి, ఫలితాలు 2015లో అచ్చు వేశారు. అందులో నేర్పినవాళ్ళు నిపుణులు కారు. శిక్షణ తీసుకున్న మామూలు ఆరోగ్య కార్యకర్తలు. పిల్లలకు నేరుగా నేర్పలేదు, తల్లిదండ్రులకు నేర్పారు. పిల్లోడి వెంట ఎట్లా పోవాలి, ఎప్పుడు ఆగాలి, ఎన్ని మాటలు చాలు అని. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఆటిజం మాయమైపోలేదు. ఆ మాట వాళ్ళూ చెప్పలేదు, నేనూ చెప్పను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కుటుంబాల కోసం ఇట్లాంటి శిక్షణే తయారుచేసింది. తొమ్మిది సార్లు గుంపుగా కూర్చోవడం, మూడు సార్లు ఇంటికి రావడం. అంతే దాని కొలత.

అవ్వ అక్కడితో ఆగలేదు. పిల్లోడికి జుట్టు కత్తిరించాలంటే ఇంట్లో యుద్ధం. మిషను చప్పుడు వింటే తల గోడకేసి కొట్టుకునేవాడు. శ్రీశైలంలో పుట్టెంట్రుకలు తీయించినరోజు నలుగురు పట్టుకుంటే గానీ కాలేదంట. అవ్వ పోయి సెలూన్ ఆయనతో మాట్లాడింది. మొదటి రోజు ఊరికే కుర్చీలో కూర్చుని వచ్చినారు. రెండోరోజు దువ్వెన. మూడోరోజు కత్తెర గాల్లో ఆడించడం. మిషను జోలికి పోనేలేదు. ఆ సెలూన్ ఆయన ఇప్పుడు మధ్యాహ్నం జనం లేని వేళ చూసి వాళ్ళకు ఫోను చేస్తాడు. పీర్ల పండుగప్పుడు డప్పులు ఇంటి ముందుకు వచ్చే రోజు ఏదో ముందే కనుక్కుని, ఆపూట పిల్లోణ్ణి వెలుగోడులో చుట్టాలింటికి పంపుతారు. చప్పుడుకు తట్టుకోలేక పిల్లోడు కిందపడి గిలగిలలాడుతుంటే అది మొండితనం కాదని, కొడితే ఆగదని, పక్కకు తీసుకుపోయి గమ్మున కూర్చుంటే చాలని వాళ్ళ చిన్నాయనకు కూడా చెప్పింది. ఆయన నమ్మడానికి ఒక సంవత్సరం పట్టింది.

భయం పుట్టించే సంగతి ఒకటుంది. చెప్పక తప్పదు. ఈ పిల్లల్లో చాలామంది చెప్పకుండా వెళ్ళిపోతారు. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి వేలమంది భక్తులు కాలినడకన శ్రీశైలం పోతారు. మా ఆత్మకూరు మీదుగా వెంకటాపురం, నాగలూటి దాటి అడవిలోకి నడుస్తారు. వాళ్ళ చేతుల్లో గంటలు, నోట పాటలు. ఒకసారి పిల్లోడు ఆ గంటల వెనక పోయినాడు. అవ్వ లోపల నీళ్ళు తోడి వచ్చేలోగా లేడు. మేమంతా ముందు పరిగెత్తింది రోడ్డు మీదికి కాదు, బావులకూ కాలువకూ. ఎందుకంటే ఈ పిల్లలను నీళ్ళు పిలుస్తాయి. తప్పిపోయిన ఆటిజం పిల్లల ప్రాణాలు ఎక్కువగా పోయేది నీళ్ళలోనే. రెండు గంటల తర్వాత ఫోను మోగింది. ఊరి బయట అన్నదానం పందిట్లో కూర్చున్నాడు. కన్నడం మాట్లాడే ఒకామె వాడి చొక్కా కాలరు లోపల కుట్టిన గుడ్డపీలిక చూసింది. దాని మీద ఫోన్ నంబరూ, "నాకు మాటలు రావు" అన్న మాటా తెలుగులోనూ కన్నడంలోనూ రాసి ఉన్నాయి. కన్నడం ఎందుకు రాయించావు అవ్వా అంటే, "ఉగాది వస్తా ఉండాది కదా" అంది. నాకు తట్టలేదు ఆ ఆలోచన. పుస్తకాల్లోనూ లేదు.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో ఆటిజం ఉంది. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి పోతే నలభై ప్రశ్నల కొలతతో చూసి శాతం వేస్తారు. గ్రామ సచివాలయంలో అడిగితే స్లాటు ఇప్పిస్తారు. నలభై శాతమో ఆపైనో ఉంటే పింఛను, బస్సు రాయితీ లాంటివాటికి దారి తెరుచుకుంటుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా. పిల్లలకు పద్దెనిమిది నిండినాక తల్లిదండ్రులు తమంతట తామే చట్టప్రకారం సంరక్షకులు కారు. కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. అది ఎవరూ చెప్పరు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంది, అక్కడికి రండి. సికింద్రాబాదులో 1984 నుంచి నడుస్తున్న జాతీయ సంస్థ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పెట్టింది. ఇప్పుడు దాన్ని నీపిడ్ అంటారు. ఆటిజం పరీక్షకూ సలహాకూ అక్కడికి పోవచ్చు.

ఇంకొక మాట. "ఆరు నెలల్లో పూర్తిగా నయం" అని రాసిన బోర్డు చూస్తే ఆ మెట్లు ఎక్కొద్దు. మాకు తెలిసిన ఒక తండ్రి ఒక పెద్ద ఊళ్ళో మూలకణాల సూది అని నమ్మి, ఎకరం భూమి తాకట్టు పెట్టినాడు. పిల్లోడు అట్లే ఉన్నాడు, భూమి మాత్రం లేదు. ఆటిజానికి మూలకణాల చికిత్సను సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఆ మాట అయిదు నిమిషాల ముందు ఆయన చెవిన పడి ఉంటే ఎకరం మిగిలేది.

అవ్వ మనవడికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. మాటలు ముప్పై దాకా వచ్చినాయి. సాయంత్రం తనూ ఒక రొట్టె తడతాడు, అంచులు చీలిపోతాయి, అయినా అదే కావాలి వాడికి. అవ్వ మాత్రం ఈ మధ్య నాకు దొరకడం లేదు. బైర్లూటి చెంచుగూడెంలో మాట రాని పాప ఉందని తెలిసి, ఆటో ఎక్కి పోయి వాళ్ళ పొయ్యి దగ్గర కూర్చుంటోంది. వాళ్ళు రొట్టెలు తట్టరు కదా అవ్వా, ఏం చెప్తావు అంటే, "వాళ్ళింట్లో ఏం చప్పుడు ఉందో చూడల్ల ముందు" అంది.

వింటున్న అమ్మలూ, అవ్వలూ, పిల్లోడికి ఏడాదిన్నర బూస్టరు సూదికి అంగన్‌వాడీకి పోయినరోజు, సూది వేయించుకుని వచ్చేయొద్దు. ఏఎన్ఎమ్ అమ్మను ఆపి, "మావాడు వేలు పెట్టి చూపించడం లేదు, ఒకసారి చూడండి" అని అడగండి. చూపిస్తున్నాడా, అయితే పక్కింటి పిల్లోడి సంగతి అడగండి.